చక్కెరకేళిలో డీఎన్ఏ గారు

పోయిన శుక్రవారం మా చర్చిలో ఆయన ఆదరణ కూడిక, అంటే సంస్మరణ సభ, జరిగింది. ఐదుగురు లేచి మాట్లాడారు. ఐదుగురూ ఆయన ప్రార్థనాపరుడన్నారు, నెమ్మదస్తుడన్నారు, ఎవరినీ పల్లెత్తు మాట అనలేదన్నారు. అన్నీ నిజమే. కానీ వింటూ కూర్చుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మాటలు ఏ ఊళ్ళో ఏ మనిషి పోయినా చెప్పుకోవచ్చు. చొక్కా జేబులో బోల్టు పెట్టుకుని తిరిగేవారని ఒక్కరైనా చెప్పలేదు. బొద్దింకని కూడా గారు అని పిలిచేవారని చెప్పలేదు. యానాం సీసా మాట ఎవరైనా ఎత్తుతారేమోనని చూశాను. అందరూ దాని చుట్టుపక్కలదాకా వచ్చి దగ్గి ఊరుకున్నారు. చివర్లో మా పాస్టరుగారు, మేమందరం అయ్యగారని పిలుస్తాం, మీరేమైనా చెప్తారా అన్నట్టు నా వైపు చూశారు. నేను తల అడ్డంగా ఊపాను. మైకు చేతికిస్తే ఏడవాల్సిన చోట నవ్వేస్తానని భయమేసింది. అందుకని ఇంటికొచ్చి ఇలా రాస్తున్నాను.

నేను గవర్నమెంటు జూనియర్ కాలేజీలో బోటనీ చెబుతాను. ఆయన రిటైరయ్యేదాకా మా బోటనీ, జువాలజీ ల్యాబ్‌కి అటెండరు. మా ఇద్దరిదీ ఒకటే చర్చి. కాలేజీలో నన్ను మేడంగారండీ అనేవారు, చర్చి గేటు దాటగానే అమ్మాయ్ అనేవారు. నేనూ అంతే, అక్కడ ఏమండీ, ఇక్కడ బాబాయ్. ఒకసారి నా స్కూటీ సరిగ్గా చర్చి గేటులో ఆగిపోయింది. ముందు చక్రం లోపల, వెనక చక్రం బయట. సాయం చెయ్యడానికి పరుగెత్తుకొచ్చిన మనిషి, నన్ను ఏమని పిలవాలో తేల్చుకోలేక చేతులు కట్టుకుని నిలబడిపోయారు. చివరికి నేనే స్కూటీని లోపలికి తోసుకున్నాను, అప్పుడు గాని ఆయనకి నోరు పెగల్లేదు.

ల్యాబులో సీసాల్లో ఉన్న ప్రతి ప్రాణికీ గారు తగిలించేవారు. కప్పగారు, నత్తగారు, బొద్దింకగారు. అస్థిపంజరాన్ని మాత్రం పెద్దాయన అనేవారు. పెద్దాయన చెయ్యి ఊడిందండి మేడంగారు, గమ్ము పెట్టమంటారా, అని అడిగితే కొత్తగా వచ్చిన ఫిజిక్సు లెక్చరరు హడలిపోయి ప్రిన్సిపాల్ గదిలోకి పరుగెత్తాడు. చచ్చిపోయిన బొద్దింకకి గారేంటండీ అని ఒకసారి విసుక్కున్నాను. పిల్లలకి పాఠం చెప్తున్నాయి కదండీ, మరి లెక్చరర్లే కదండీ, అన్నారు. ఆ లెక్కన నా స్థానమేంటో నాకు అర్థమై ఊరుకున్నాను.

మద్యం సంగతికొస్తే ఆయనది నియమమో భయమో చెప్పడం కష్టం. దగ్గు మందు కొంటే ముందు సీసా మీది చిన్న అక్షరాలన్నీ చదివేవారు. పెళ్ళిళ్ళలో ఎవరైనా కూల్‌డ్రింకు చేతికిస్తే వాసన చూడందే నోట పెట్టరు. మోకాళ్ళ నొప్పులకి హోమియో మాత్రలు వేసుకోమంటే, వాటిమీద ఏదో చల్లుతారటమ్మా అని మానేసి కుంటుకుంటూనే తిరిగారు. దీనికి ఒక కారణం ఉంది. మా చర్చిలో ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభు బల్ల ఉంటుంది. రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకుంటాం. ఆ రసం కాచే పని ఆయనది. కొనుక్కొచ్చిన రసం కాదు. శనివారం ద్రాక్షపళ్ళు తెచ్చి, ఒక్కొక్కటీ కడిగి, ఉడకబెట్టి, పల్చటి బట్టలో వడగట్టి, చల్లార్చి, ఆదివారం పొద్దున్నే వేలెడంత గ్లాసుల్లో పోసి బల్ల సర్దేవారు. అది పులిసిపోతే ఎక్కడ సారా అవుతుందోనని గంటకోసారి మూత తీసి వాసన చూసేవారని వాళ్ళావిడ చెప్పేది. ఆ పనికి జీతం లేదు, పదవీ కాదు. కానీ ఆ శనివారం ముహూర్తం పడితే సొంత మేనల్లుడి పెళ్ళికి కూడా వెళ్ళలేదు.

ఆయన చదివింది పదో తరగతి. డీఎన్ఏ మాత్రం ఏటా ల్యాబు గుమ్మంలో నిలబడి నా దగ్గరే విన్నారు. నేను అందరూ చెప్పినట్టే చెప్పేదాన్ని. మెలి తిరిగిన నిచ్చెనలా ఉంటుంది, రెండు పోగులు, మధ్యలో మెట్లు. ఆ మెట్లలో నాలుగు రకాల బేసులు, అడెనిన్, థైమిన్, గ్వానిన్, సైటోసిన్. అడెనిన్ థైమిన్‌తోనే జత కడుతుంది, గ్వానిన్ సైటోసిన్‌తోనే. మొదటి జతకి రెండు హైడ్రోజన్ బంధాలు, రెండో జతకి మూడు. పిల్లలు రాసుకునేవారు, పరీక్షలో తారుమారు చేసేవారు. ఎవరికి రెండో ఎవరికి మూడో వాళ్ళకెప్పుడూ గుర్తుండేది కాదు. ఒక ఏడు మాత్రం క్లాసు మొత్తంలో ఒక్కరు కూడా తప్పు రాయలేదు. కాపీ కొట్టారనే అనుకున్నాను. ఒకమ్మాయి పేపరు చూసి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాను. "అడెనిన్, థైమిన్‌లు చర్చిలో రెండు ఉంగరములు మార్చుకొనును. గ్వానిన్, సైటోసిన్‌లకు మూడు ముళ్ళు పడును. కావున వీరిని విడదీయుట మరింత కష్టము."

దీని వెనక ఎవరున్నారో వేరే చెప్పక్కర్లేదు. పిలిస్తే వచ్చి చేతులు కట్టుకుని ఒప్పుకున్నారు. పిల్లలు ల్యాబులో గిన్నెలు కడుగుతూ గొడవపడుతుంటే ఏదో గుర్తుండే మాట చెప్పారట. ఇది సైన్సా, పెళ్ళిళ్ళ పేరంటమా అని నేను కోప్పడ్డాను. ఆయన నెమ్మదిగా, లెక్క కరెక్టేనా అండి, అన్నారు. కరెక్టే. మూడున్న చోట విడదీయడం కష్టమేనా అండి? కష్టమే. పిల్లలు మర్చిపోలేదు కదండీ? మర్చిపోలేదు. ఆ అమ్మాయికి ఫుల్ మార్కులు వేసి పక్కన 'భాష మార్చుకొనుము' అని రాశాను. మరుసటి ఏడు సిగ్గు లేకుండా నేనే క్లాసులో ఉంగరాలూ ముళ్ళూ చెప్పాను. ఒకబ్బాయి లేచి, మా చర్చిలో ఉంగరాలు మార్చుకుని తాళి కూడా కడతారు కదండీ, అప్పుడు ఐదు బంధాలా అని అడిగాడు. గుమ్మం వైపు చూశాను. అప్పటిదాకా అక్కడే ఉన్న మనిషి మాయమైపోయారు.

ఇక బోల్టు. డీఎన్ఏ మెలిక కుడివాటం, మామూలు బోల్టుకి మర ఎటు తిరుగుతుందో అటే తిరుగుతుంది, చాలామంది బొమ్మ తిప్పి వేస్తారు అని ఒకరోజు మాటవరసకి అన్నాను. ఆ సాయంత్రమే సైకిల్ షాపులో ఒక బోల్టు సంపాదించి జేబులో వేసుకున్నారు. అది మొదలు ఎక్కడ డీఎన్ఏ బొమ్మ కనబడ్డా తనిఖీయే. ల్యాబు సామాన్ల కోసం ఒకసారి ఇద్దరం రాజమండ్రి వెళ్ళాం. దారిలో కొత్తగా పెట్టిన స్కానింగ్ సెంటరు ముందు గోడంత డీఎన్ఏ. ఆయన ఆటో ఆపించారు. దిగి, బోల్టు నిలువుగా పట్టుకుని, ఒక కన్ను మూసి చూశారు. బొమ్మ ఎడమవాటం. లోపలికి వెళ్ళి రిసెప్షనులో కూర్చున్న అమ్మాయితో చాలా మర్యాదగా, మీ డీఎన్ఏ గారు తిరగబడ్డారండి, అని చెప్పారు. ఆ అమ్మాయికి తిరగడం ఒక్కటే వినిపించినట్టుంది. తల తిరుగుతోందాండీ అంటూ కుర్చీలో కూర్చోబెట్టి టోకెను చేతికిచ్చింది. నేను ఆటోవాడికి సర్దిచెప్పి లోపలికి వెళ్ళేసరికి ఆయనకి బీపీ చూసేస్తున్నారు.

ఆయనకి ఇంకో పని కూడా ఉండేది. చర్చిలో బాప్తిస్మాల రిజిస్టరు అయ్యగారి బీరువాలో ఉంటుంది. దాన్ని గుమ్మం దాటించరు. ఎవరికైనా సర్టిఫికెట్టు కావాలంటే ఈయన వెళ్ళి బీరువా పక్కనే కూర్చుని నకలు రాసిచ్చేవారు. ఆ నకలే ఆఫీసులు తిరిగి పనులు చేయించుకొచ్చేది. కణంలో కూడా ఇంతే కదమ్మా అనేవారు. కేంద్రకం బీరువా, డీఎన్ఏ రిజిస్టరు. రిజిస్టరు బయటికి రాదు, ఆర్ఎన్ఏ అనే నకలు వస్తుంది. ఆ నకల్లో ఉన్న వరస చూసి ఒంట్లో ప్రొటీన్లు తయారు చేసుకుంటారు. పాతికేళ్ళు బోటనీ చెప్పిన నేను ఇంతకంటే తేలిగ్గా చెప్పలేను. ఒకసారి మరియమ్మ అనే ముసలావిడకి పింఛను కోసం నకలు రాస్తుంటే మొదటి అక్షరానికి దీర్ఘం పడిపోయింది. ఆవిడ ఆ కాగితం పట్టుకుని సచివాలయానికి వెళితే అక్కడి అమ్మాయి చదివి, ఇది అమ్మవారి పేరు కదా మామ్మగారూ, పింఛను మీకా, గుడికా అని అడిగిందట. ఆ రోజు ఆయన అన్నం తినలేదు. "ఒక్క దీర్ఘం అమ్మాయ్. మనిషి కాస్తా గ్రామదేవత అయిపోయింది," అని తల పట్టుకున్నారు. మ్యుటేషను గురించి నా క్లాసుల్లో అంతకు మించిన ఉదాహరణ ఇంతవరకూ దొరకలేదు. కణంలో నకలు రాసే ఎంజైము కూడా రాసింది వెనక్కి చదువుకుని తప్పులు దిద్దుకుంటుందని చెప్పి ఓదార్చాను. ఆయనెవరో నాలాంటాయనేనమ్మా, అని కొంచెం తేరుకున్నారు.

ఇదీ మనిషి. ఇప్పుడు సీసా.

కరోనా తగ్గి కాలేజీలు మామూలుగా నడవడం మొదలైన ఏడాది అది. పిల్లలకి డీఎన్ఏ బొమ్మలు చూపించడమే గాని కంటికి చూపించింది లేదు, ఈసారి అరటిపండులోంచి తీసి చూపిద్దాం అనుకున్నాను. పెద్ద పనేం కాదు. పండు మెత్తగా పిసికి, ఉప్పునీళ్ళూ గిన్నెలు తోమే లిక్విడూ కలిపి వడగట్టాలి. సబ్బు కణాల పొరలు విప్పేస్తుంది. ఆ నీళ్ళమీద బాగా చల్లబరిచిన స్పిరిట్టు, అంటే ఆల్కహాలు, మెల్లగా పోస్తే, డీఎన్ఏ అందులో కరగదు కనుక తెల్లటి పోగుల్లా పైకి తేలుతుంది. అన్నీ ఉన్నాయి, స్పిరిట్టు లేదు. ఇండెంటు పెట్టి రెండు నెలలైనా రాలేదు. ఏం చేద్దామండి అని ఆయన వచ్చి అడిగారు. నేను ఫోను చూసుకుంటూ, "ఆల్కహాలు ఏదైతే ఏంటండీ, చల్లగా ఉంటే చాలు," అన్నాను. ఆ మాటన్న నోరు నాదే. తర్వాత జరిగినదానికి మొదటి ముద్దాయిని నేనే.

శనివారం ఆయన బస్సెక్కి ద్రాక్షారామం మీదుగా యానాం వెళ్ళారు. మా వైపు జనం చవకగా మందు దొరుకుతుందని అక్కడికి వెళ్తారని ఆయన విన్నారు. విన్నదంతే. మందు షాపులో నిలబడి, తెల్లగా ఉండే ఆల్కహాలు ఇవ్వండి, ఇంటర్ పిల్లలకండి, అని అడిగారట. షాపతను కిందా మీదా చూసి, తెల్ల సీసా ఒకటి తీసి ముందు పెట్టాడట. ప్రిన్సిపాల్‌గారి పేరు మీద బిల్లు రాయమన్నారట. షాపులో ఉన్నవాళ్ళంతా వచ్చి ఈయన్ని చూసి వెళ్ళారట. సీసాకి పాత పేపరు చుట్టించి, పురికొసతో కట్టించి, సంచిలో కీర్తనల పుస్తకం కింద పెట్టుకుని బస్టాండుకి వచ్చారు. అక్కడ మా చర్చి కోశాధికారిగారు ఎదురయ్యారు. ఈయనకి అలవాటు కదా, రెండు చేతులూ జోడించి వందనాలండి అన్నారు. రెండు చేతులూ జోడిస్తే సంచి ఎవరు పట్టుకుంటారు? కిందపడింది. సీసా పగల్లేదు గాని మెడ బయటికి వచ్చి మూతతో సహా కోశాధికారిగారి వైపు చూసింది.

ఆదివారం ఆరాధన అయ్యేసరికి విషయం అయ్యగారికి చేరింది. ఈయన్ని పిలిచి అడిగితే, డీఎన్ఏ కోసమండి, అన్నారు. ఇన్నేళ్ళలో నేను చాలా సాకులు విన్నానండి, ఈ సాకు కొత్తగా ఉంది, అన్నారు కోశాధికారిగారు. తాగేవాడి చేత్తో కాచిన రసం సంఘం పుచ్చుకోవడం తగదనీ, వచ్చే ఆదివారం నుంచి బల్ల పని ఇంకొకరికి అప్పగించాలనీ అక్కడికక్కడే ప్రతిపాదన పెట్టారు. అయ్యగారు మెత్తని మనిషి. శనివారం నాలుగింటికి కమిటీ పెడదాం, సీలు విప్పకుండా ఆ సీసా తీసుకురండి, మేడంగారిని కూడా రమ్మనండి, ఏం తియ్యాలో మా ముందే తీద్దురుగాని, అన్నారు.

ఆ వారం రోజులూ ల్యాబు బోసిపోయింది. టెస్టుట్యూబులు కడిగేటప్పుడు ఆయన ఎప్పుడూ ఏదో ఒక కీర్తన కూనిరాగం తీసేవారు, అది లేదు. బుధవారం వచ్చి, బొద్దింక జాడీ ఎక్కడ పెట్టమంటారండి, అన్నారు. గారు లేదు. కాలేజీ అని కూడా చూడకుండా, నేను వచ్చి చెప్తాను బాబాయ్, తప్పు నాది, అన్నాను. ఆయన జాడీ వైపే చూస్తూ, "నన్నేమన్నా పర్లేదమ్మా. రసం ఎవరు కాస్తారు? వాళ్ళు నీళ్ళు కలిపేస్తారు," అన్నారు. ఆ ఒక్క మాటే ఆ వారమంతా ఆయన చెప్పుకున్న బాధ.

శనివారం నాలుగింటికి చర్చి పక్క గదిలో అయ్యగారు, వాళ్ళావిడ అమ్మగారు, కోశాధికారిగారు, ఇంకో నలుగురు పెద్దలు, మేమిద్దరం. సీసాని మధ్యాహ్నమే అమ్మగారి ఫ్రిజ్‌లో పెట్టించాను. ఎవరైనా చూస్తారని ఆవిడ దాన్ని పెరుగు గిన్నె వెనక దాచింది. ఈయన అర డజను చక్కెరకేళి పళ్ళు తెచ్చారు. ఒక్క పండు చాలు, అందులోనూ పిసికి పారేసేదానికి కర్పూరం పండు చాలదా అని ఒక పెద్ద అడిగితే, మందిరంలో చేస్తున్నాం కదండీ, చవక పండు బాగోదు, అన్నారు. సీసా విప్పబోతుంటే అయ్యగారు అలవాటు కొద్దీ లేచి, ప్రార్థన చేద్దాం అన్నారు. అందరం కళ్ళు మూసుకున్నాం. మందు సీసా తెరిచేముందు ఏమని ప్రార్థించాలో ఆయనకి తోచలేదు. చాలాసేపటికి, ప్రభువా, నీకన్నీ తెలుసు, అని ముగించేశారు.

పండు పిసుకుతూ ఈయన చెప్పిన పాఠం నేను మర్చిపోలేను. కేంద్రకం బీరువా, రిజిస్టరు, నకలు, రెండు ఉంగరాలు, మూడు ముళ్ళు అన్నీ వరసగా చెప్పారు. "రాసింది నాలుగే అక్షరాలండి. అరటిపండుకీ ఆ నాలుగే, అయ్యగారికీ ఆ నాలుగే. వరస తేడా అంతే," అన్నారు. అంటే వరస కాస్త అటూ ఇటూ అయితే అయ్యగారు అరటిపండు అయిపోయేవారా అని ఒక పెద్ద ఆందోళనగా అడిగారు. చాలా తప్పులు పడాలండి, అని ఈయన ధైర్యం చెప్పారు. తర్వాత పేపరు చుట్టు విప్పకుండా, పురికొస కూడా తియ్యకుండా, మూత మాత్రం తిప్పి, మొహం పక్కకి పెట్టుకుని, గ్లాసులోకి సన్నగా పోశారు.

ఏమీ రాలేదు. ఐదు నిమిషాలు చూశాం, పది నిమిషాలు చూశాం. గ్లాసులో మసక నీళ్ళు తప్ప పోగు లేదు. ఈయన మోకాళ్ళమీద వంగి గ్లాసులోకి చూస్తూ, రండి గారూ, రండి, అని లోలోపల గొణుక్కోవడం నాకు వినపడింది. కోశాధికారిగారు కుర్చీలో వెనక్కి వాలి, ఇంక మనం తీర్మానం రాసుకోవచ్చండి, అన్నారు. స్పిరిట్టంటే నూటికి తొంభై పైన ఆల్కహాలుంటుంది, తాగే సరుకులో ఎంత ఉంటుందో నాకెలా తెలుస్తుంది? నేనూ ఆ చర్చిలో పెరిగినదాన్నే. పల్చబడిపోయిందేమో, ఇంకా గట్టిది కావాలేమో అనుకుంటూ చుట్టూ చూస్తే, తలుపు పక్కన కరోనా నాటి శానిటైజరు డబ్బా కనబడింది. నీళ్ళలా ఉండే రకం. పైన ఎనభై శాతం ఆల్కహాలని ఉంది. ఇంకొక్క అరగంట ఇవ్వండి అని అయ్యగారి కాళ్ళావేళ్ళా పడ్డాను. అందులోంచి ఒక గ్లాసుడు తీసి డీప్‌ఫ్రిజ్‌లో పెట్టించి, ఆ అరగంటా ఏం చెయ్యాలో తెలీక కీర్తనలు పాడుకున్నాం.

రెండోసారి పోశాం. ముందు సన్నటి మేఘంలా కదిలింది. తర్వాత రెండు నీళ్ళూ కలిసే చోట నుంచి తెల్లటి పోగులు మెల్లగా పైకి లేచాయి, బుడగలు కట్టుకుని, ఒకదానికొకటి చుట్టుకుని. ఈయన చీపురుపుల్ల పెట్టి తిప్పితే పుల్లకి జిగురుగా అంటుకుని వచ్చింది. డీఎన్ఏ గారండి, అని ఆ పుల్లని రెండు చేతులతో పైకెత్తి అయ్యగారికి చూపించారు. నాకు నిజంగా ఏడుపొచ్చింది. అమ్మగారు కళ్ళజోడు పెట్టుకుని దగ్గరికొచ్చి చూసి, చీమిడిలా ఉందేంటి, అన్నారు.

అందరూ లేచి చూశారు, ఒక్క కోశాధికారిగారు లేవలేదు. ఇది బాగానే ఉంది, మందిరంలో ఉన్న డబ్బాతో అయిపోయే పనికి యానాందాకా ఎందుకు వెళ్ళినట్టు, అన్నారు. ఆ ప్రశ్న సరైనదే. ఈయన పుల్ల కిందికి దించేశారు. నేను లేచి, తప్పు నాదేనండి, ఏ ఆల్కహాలైనా ఒకటే అనుకున్నాను, ఆ సీసాలోది పల్చగా ఉంటుందని మా ఇద్దరికీ తెలీదు, అన్నాను. కోశాధికారిగారికి నవ్వొచ్చింది.

"తెలీకపోవడమేంటండీ? పసిపిల్లాణ్ణి అడిగినా చెప్తాడు. అందులో ఉండేది నలభై రెండు పాయింట్ ఎనిమిదేగా. మిగతాదంతా నీళ్ళే."

అయ్యగారు, నాకు తెలీదండి, అన్నారు మెల్లగా. పక్కనున్న పెద్ద, నాకూ తెలీదండి, అన్నారు. వరసగా ఒక్కొక్కరూ తమకి తెలీదని చెప్పుకున్నారు, సాక్ష్యం చెప్పినట్టు. అమ్మగారు కూడా, పాయింట్లు కూడా ఉంటాయా, అన్నారు. కోశాధికారిగారి మొహం చూడలేక నేను తల దించుకున్నాను. చెప్పొద్దూ, లోపల మాత్రం గంతులేస్తున్నాను. ఇంతకీ ఆ రోజు యానాం బస్టాండులో తమరు ఏం చేస్తున్నారని అడగనా అని నోటిదాకా వచ్చింది.

నేను నోరు తెరిచేలోపు ఈయన మాట్లాడారు. "సీసా మీద రాసుంటుందండి, అయ్యగారూ. బస్టాండులో సంచి జారినప్పుడు ఆయన చదివుంటారండి."

అయ్యగారు ఆయన్నే చాలాసేపు చూశారు. తర్వాత కోశాధికారిగారి వైపు తిరిగి, చదివుంటారు, అన్నారు. రేపటి బల్ల ఎప్పట్లాగే ఆయనే సర్దుతారని పుస్తకంలో రాయించి కమిటీ ముగించేశారు. కోశాధికారిగారు అందరికంటే ముందు వెళ్ళిపోయారు.

మేం సామాన్లు సర్దుకుని బయటికి వచ్చాం. నేను గెలిచిన సంతోషంలో ఉన్నాను. ఈయన మెట్ల మీద కూర్చుండిపోయారు. ఒంట్లో బాగాలేదేమోనని కంగారుపడి ఏమైంది బాబాయ్ అన్నాను. సంచిలోంచి సీసా తీసి నాకు చూపించారు. పేపరు చుట్టు చుట్టినట్టే ఉంది, పురికొస కట్టు కట్టినట్టే ఉంది. బస్టాండులో బయటపడింది మెడ ఒక్కటే, దానిమీద అక్షరం ముక్క లేదు.

"మందిరంలో నిలబడి అబద్ధం ఆడేశాను అమ్మాయ్. ఈ నోటితో రేపు బల్ల దగ్గరికి ఎలా వెళ్ళను? కోశాధికారిగారు చెప్పినట్టు ఇంకొకరికి ఇచ్చేయమని అయ్యగారికి చెప్పేస్తాను," అని లేవబోయారు.

నాకు నవ్వొచ్చింది, కోపమొచ్చింది, కళ్ళమ్మట నీళ్ళూ వచ్చాయి. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. ద్రాక్షపళ్ళు కొన్నారా అని అడిగాను.

"పొద్దున్నే కొన్నానమ్మా. రెండు కేజీలు."

"కమిటీ ఏం చెప్తుందో తెలీకుండానే?"

ఆయన పుల్లకి అంటుకున్న డీఎన్ఏ గారు ఎండిపోకుండా గ్లాసులో తడుపుతూ కూర్చున్నారు.

"అయితే ఇంటికెళ్ళి ఉడకబెట్టండి బాబాయ్," అన్నాను. "ఆలస్యమైతే పులిసిపోతాయి."

పులిసిపోతాయనేసరికి దిగ్గున లేచారు. గ్లాసు నా చేతిలో పెట్టి, మోకాళ్ళ నొప్పి కూడా మర్చిపోయి, గబగబా ఇంటి వైపు నడిచారు.